నాలుగో వీధిలో పెళ్లి

ఆదివారం పొద్దున బాపిరాజు కారు నాలుగో వీధి మొదట్లోకి దూసుకొచ్చి, కీచుమంటూ ఆగింది. వీధికి అడ్డంగా షామియానా.

బాపిరాజు ఆగడమంటే చిన్న విషయం కాదు. ఆయనకు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ ఉంది. ఎల్బీ నగర్ సిగ్నల్ తప్పించుకోవడానికి రోజూ మన్సూరాబాద్‌లోని ఈ వీధిలోంచే పోతాడు. పోతాడంటే మర్యాదగా ఉంటుంది గానీ, ఎగిరిపోతాడు. ఆయన్ని చూసి మిగతా బండ్లూ అంతే. కిందటి వేసవిలో ఆయన కారును తప్పించుకోబోయి సౌజన్య టీచర్ సైకిలు మీంచి పడి, మోచెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక కూడా ఆమె సైకిలు ముట్టుకోలేదు. వీధిలో తల్లులు పిల్లల సైకిళ్లకు తాళాలు వేసేశారు.

ఆ తాళాలు విప్పించాలని పట్టుబట్టింది అదే వీధిలో ఉండే వేదవతి. డ్రిల్లు టీచరుగా రిటైరైన మనిషి, ఊరుకుంటుందా? స్పీడ్ బ్రేకర్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది. చూస్తామన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు. 'నెమ్మదిగా వెళ్లండి, సైకిళ్లు తిరుగుతాయి' అని బోర్డు పెట్టించింది. మర్నాటికల్లా దాని మీద ఎవరో లేడీస్ హాస్టల్ పోస్టరు అతికించారు. పూలకుండీలు అడ్డం పెడితే ఎత్తుకుపోయారు. ఎవరింట్లోనో బాగా పూస్తున్నాయట కూడా.

చివరికి బాపిరాజు దగ్గరికే వెళ్లి బతిమాలింది.

"రోడ్లు వేసింది బండ్లకండీ. సైకిళ్లకు పార్కులున్నాయి కదా" అన్నాడాయన.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

అటువంటి బాపిరాజు ఇవాళ హారన్ మీద పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎదురుగా అరటి బోదెలు, మామిడాకులు, స్పీకర్లో సన్నాయి. పైన 'గౌతమ్ వెడ్స్ తన్మయి' అని థర్మాకోల్ అక్షరాలు. ఆసుపత్రి ముందు కూడా హారన్ ఆపని మనిషే. కానీ పెళ్లిపందిరి ముందు మోగించే ధైర్యం మనలో ఎవరికుంది?

టెంట్ హౌస్ సీతారాములు ఎదురొచ్చాడు. "పెండ్లి సార్. జర వెనక్కి తిప్పుకోండ్రి."

"అయ్యో, దానికేముందండీ" అంటూ బాపిరాజు కారు పక్కన పెట్టి దిగాడు. పట్టుచీరలో హడావుడిగా తిరుగుతున్న వేదవతి కనిపించింది.

"ఆరో వీధిలోనే ఉంటాం. మాకు ఒక్క మాట చెప్పలేదేంటండీ?" అన్నాడు నిష్ఠూరంగా.

ఆమె ఒక్క క్షణం తడబడింది. పిల్లను ఇప్పుడు పెళ్లికూతుర్ని చేస్తున్నారనీ, ముహూర్తం రాత్రికి తుర్కయంజాల్‌లోననీ చెప్పి, కుర్చీ వేయించి, చేతిలో ఉప్మా ప్లేటు పెట్టింది.

వీధంతా అక్కడే ఉంది. ఏళ్ల తరబడి ఎదురెదురు గేట్లలో ఉంటున్నవాళ్లు కూడా ఇవాళే పేర్లు అడిగి తెలుసుకుంటున్నారు. షామియానా వెనక రోడ్డు ఖాళీగా దొరికేసరికి పిల్లలు సైకిళ్లు తీశారు. పెళ్లివారి పుణ్యమా అని సౌజన్య కూడా తీసింది. ఎక్కబోయి ఆగింది. రెండు వైపులా చూసింది. ఏ బండీ రాలేదు. మెల్లగా తొక్కుతూ వీధి చివరిదాకా వెళ్లి, నవ్వుతూ తిరిగొచ్చింది. వేదవతి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పెళ్లిళ్లలో ఆడవాళ్లకు మామూలే అనుకున్నాడు బాపిరాజు.

ఉప్మా తిన్నాక ఆయన ఊరికే కూర్చోలేకపోయాడు. వీధి మొదట్లో నిలబడి తనే పెళ్లిపెద్ద అయిపోయాడు. వాటర్ ట్యాంకర్ వచ్చింది, ఆపాడు. ఆటోలొచ్చాయి, ఆపాడు.

"శుభకార్యమండీ. లోపల పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు, ఏమన్నా అయితే?" అని అందరినీ వెనక్కి పంపాడు. ఒక్కరూ ఎదురు చెప్పలేదు.

ఎండెక్కాక, క్లాసుందంటూ బయల్దేరాడు. రాత్రికి రాలేనని నొచ్చుకున్నాడు. "పిల్లను నూరేళ్లు చల్లగా ఉండమన్నానని చెప్పండి" అని వేదవతికి నమస్కారం పెట్టి, కారెక్కి, సిగ్నల్ దారిన పోయాడు.

కారు మలుపు తిరిగేదాకా ఆగి, సీతారాములు నిచ్చెనెక్కి థర్మాకోల్ అక్షరాలు ఒక్కొక్కటే ఊడదీస్తూ, "మేడం, వచ్చే ఐతారం ఎవరి పెండ్లి పెడ్దాం?" అని అడిగాడు.