కిటికీలు మూసిన కచేరీ

“హీటరు ఆపేశాను. ముందు అందరూ బయటికి నడవండి సార్, మాటలు తర్వాత,” అన్నాడు మెకానిక్. అతని చేతిలో ఉన్న చిన్న మీటరు కీచుమంటూ ఎర్రగా వెలుగుతోంది.

గుమస్తా కదల్లేదు. ఆయన జేబులో రాజీనామా కాగితం ఉంది. పంతొమ్మిదేళ్ళ బీమా ఆఫీసు ఉద్యోగానికి ఓ దండం పెట్టేసి, ఇక వయొలిన్ వాయించుకుంటూ బతుకుదామని తీర్మానించుకుని, బూట్లు కూడా తొడుక్కున్నాడు. తీరా గడప దాటబోతుంటే ఈ మీటరు గోలేమిటని ఆయన విసుగు. చివరికి భార్య రెక్క పుచ్చుకుని లాగితే మెట్ల మీదికి వచ్చి పడ్డాడు. రాత్రి ఆపిన హీటరు మళ్ళీ వెలిగిస్తే మంట పసుపుపచ్చగా మారిందనీ, గోడ నల్లబడుతోందనీ పొద్దున్నే మెకానిక్‌ని పిలిపించింది ఆవిడే.

కాసేపటికి మెకానిక్ చేతినిండా గుడ్డపేలికలూ టేపు ముక్కలూ పట్టుకుని బయటికొచ్చాడు. కిటికీల సందుల్లో ఇవన్నీ కూరిన మహానుభావుడెవరని అడిగాడు.

గుమస్తా గొంతు సవరించుకున్నాడు. ఆయన సాధన మొదలెట్టినప్పటినుంచీ పక్కింటివాళ్ళు గోడ బాదుతున్నారు. కిందింటివాళ్ళు తలుపు కిందనుంచి చీటీలు తోస్తున్నారు. నిన్న మధ్యాహ్నం ఇంట్లోనే కచేరీ పెట్టుకున్నాడు గనక, ఆ అరసికుల చెవిన ఒక్క స్వరం కూడా పడకూడదని తనే దగ్గరుండి బందోబస్తు చేశాడు.

“గ్యాస్ హీటరుకీ గాలి కావాలి సార్. అది చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. రంగుండదు, వాసనుండదు, నేరుగా బుర్రకెక్కుతుంది. తల దిమ్మెక్కిపోతుంది. ఏది మంచో ఏది చెడో తెలీదు. ఎవరేమన్నా సరే అనేస్తారు. కొందరికి ఊరికే కోపమొస్తుంది, కొందరికి ఊరికే ఏడుపొస్తుంది. తర్వాత అడిగితే ఏదీ గుర్తుండదు. నిన్న ఇంకో గంట ఆ గదిలోనే ఉండుంటే ఎవరూ లేచేవాళ్ళు కాదు. అందరూ ఒకసారి ఆస్పత్రికి వెళ్ళిరండి.”

“ఏడుపు కూడా వస్తుందా?” అన్నాడు గుమస్తా.

ప్రాణాలు దక్కాయని సంతోషించాల్సిన మనిషి ఏడుపు మాట పట్టుకుని నిన్నటి లెక్కలు తీయడం మొదలెట్టాడు. ఏడేళ్ళుగా ‘శ్రుతి కుదరలేదు’ అనడం తప్ప ఇంకో మాట ఎరగని వయొలిన్ మాస్టారు, నిన్న కళ్ళనీళ్ళు పెట్టుకుని ఇక నీకు నేర్పడానికి నా దగ్గరేమీ లేదన్నాడు. దేనికైనా అడ్డం తగిలే బావమరిది గంటసేపు తలాడిస్తూనే ఉన్నాడు. ఉద్యోగం మానేస్తానంటే భార్య ‘మీ ఇష్టమండీ’ అంది. ఆ ముక్క ఆవిడ నోట రావడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. అన్నట్టు, తను వాయించింది మూడు పాటలు కాదనీ, ఒకే పాట మూడుసార్లనీ ఆయనకి ఇప్పుడు వెలిగింది. నిన్న ఎవరూ గమనించలేదు, ఆయనతో సహా.

మెట్ల మీదే చతికిలబడి బావమరిదికి ఫోన్ చేశాడు. అతను తలనొప్పితో అప్పుడే లేచాడట. కచేరీ ఎప్పుడో చెబితే వస్తానన్నాడు. మాస్టారుకి చేస్తే, నిన్న నేను మీ ఇంటికొచ్చానా అని ఈయన్నే అడిగాడు. ఇద్దర్నీ వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఈలోగా చల్లగాలి తగిలి భార్య ముఖం తేటపడింది. ఆయన జేబులోంచి తొంగి చూస్తున్న కాగితం ఏమిటని అడిగింది. రాజీనామా అనీ, నువ్వు ఒప్పుకున్నాకే రాశాననీ చెప్పాడు.

“అది నేనన్న మాట కాదండీ, హీటరు అన్న మాట,” అంది ఆవిడ.

అయినా గుమస్తా ఆశ వదల్లేదు. బోగస్ క్లెయిములు పట్టుకోవడమే ఆయన ఉద్యోగం. అందరి క్లెయిములూ పట్టుకుని తనది మాత్రం కళ్ళు మూసుకుని పాస్ చేసుకున్నందుకు సిగ్గేసింది. కానీ ఆఫీసులో ఆయనే పెట్టిన పద్ధతి ఒకటుంది. లోపలున్నవాళ్ళు వంద చెప్పనీ, బయటినుంచి చూసిన సాక్షి ఒక్కరుంటే చాలు.

అలాంటి సాక్షి ఉండనే ఉంది. అత్తగారు. నిన్న గదిలో ఉక్కగా ఉందంటూ ఆవిడ మొదట్లోనే శాలువా కప్పుకుని బాల్కనీలోకి వెళ్ళి కూర్చుంది. మంచి గాలి, మంచి బుర్ర. కచేరీ ముగిశాక అద్దం తలుపు అవతల లేచి నిలబడి, అరచేతులు కందిపోయేలా చప్పట్లు కొట్టింది. అది ఆయన కళ్ళారా చూశాడు. ఆ చప్పట్లకీ గ్యాసుకీ సంబంధం లేదు.

ఆవిడ కింది మెట్టు మీద కూర్చుని ఉంది. గుమస్తా వెళ్ళి పక్కన కూర్చున్నాడు. జేబులోంచి కాగితం తీసి రెండు చేతులా పట్టుకున్నాడు. ఆవిడ ఒక్క మంచిమాటంటే ఆఫీసుకెళ్ళి ఇచ్చేయడమే, లేకపోతే చింపేయడమే.

“అత్తయ్యగారూ, నా బతుకు మీ నోట్లో ఉంది. మొహమాటం లేకుండా చెప్పండి. నిన్న అన్ని చప్పట్లు ఎందుకు కొట్టారు?”

అల్లుణ్ణి ఏనాడూ పల్లెత్తు మాట అనని మనిషి. ఆవిడ శాలువా సర్దుకుంది, కూతురివైపు ఒకసారి చూసింది, మళ్ళీ శాలువా సర్దుకుంది.

“మీరేమీ అనుకోనంటే చెబుతాను బాబూ. మూడోసారి కూడా అయ్యాక వయొలిన్ పెట్టెలో పెట్టేసి మూత వేశారు కదా, అది చూసి కొట్టాను.”