కొండల్ అచ్చురాయి

"ఆ రాయి ఇటు తే! ఇయ్యాల దాన్ని మూసీల కలిపితే గాని నేను అన్నం ముట్ట!"

గౌలిపుర గల్లీలో పాలు పోసే ఈశ్వరయ్య చేతికర్ర ఆడిస్తూ కొండల్ గదిలోకి దూసుకొచ్చాడు. రెండో చేతిలో నలిగిన కాగితం. కొండల్‌కు ఇంకేం తోచక అచ్చురాయి మీద ఎక్కి కూర్చున్నాడు. పాపం, కూర్చోక ఏం చేస్తాడు? ఆ రాయి ఉంటేనే కదా పట్నం బొమ్మలు గీసి, తానే అచ్చేసి, పదిహేను రోజులకోసారి గల్లీ గల్లీ తిరిగి పంచేది! అది పోతే బొమ్మల కొండల్ ఉత్త కొండలే.

"లేస్తవా, లేదా?"

"ఏమైందో చెప్పరాదె ఈశ్వరన్నా?"

"ఏమైందా? ఇగో, సూడు!"

కాగితం మీద మూడు బొమ్మలున్నాయి. మొదటి దాంట్లో ఓ పాలాయన కొత్తగా వేసిన వీధి నల్లాకు దండం పెట్టి, 'తల్లీ, నువ్వే నా ఐదో బర్రెవు' అంటున్నాడు. రెండో దాంట్లో పాలబిందెలో చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. మూడో దాంట్లో ఓ పిల్లి ఆ పాలు వాసన చూసి, 'ఇయ్యాల నాకు ఒక్కపొద్దు' అని మూతి తిప్పుకుంది.

"అన్నా, అండ్ల నీ పేరు రాసిన్నా?"

"పేరెందుకు రా? మీసం నాది, రుమాలు నాది. ఎనక నిలబడ్డ కొమ్మిరిగిన బర్రె గూడ నాదే! దాని మీద ఒట్టు, పాలల్ల సుక్క నీళ్లు కలిపిన వంశం కాదు మాది!"

లొల్లి విని గల్లీ ఆడవాళ్లు చెంబులతో సహా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఈశ్వరయ్య వాళ్ల వైపు తిరిగాడు.

"ఇనుండ్రి తల్లీ! వీడు రాయి ఇయ్యకుంటే రేపటి సంది ఈ గల్లీకి పాలు బంద్!"

అందరిలోకీ పెద్దావిడ సుశీలమ్మ ముందుకొచ్చింది.

"ఇచ్చెయ్ రాదు బిడ్డా."

"పెద్దమ్మా! నిన్న ఈ బొమ్మ సూసి కడుపు పట్టుకోని నవ్వితివి గద!"

"నవ్విన. నవ్వితె చాయ్ అయితదా?"

కొండల్ లేచి, రాయిని రెండు చేతులా ఎత్తి ఈశ్వరయ్య కాళ్ల దగ్గర పెట్టాడు. ఆఖరిసారి చూసుకుందామని ఆ కాగితం అందుకున్నాడు. చూసి నాలుక కరుచుకున్నాడు.

"అయ్యయ్యో! తప్పు గీసిన!"

"ఇప్పుడు తెలిసిందా?"

"అది కాదన్నా. రాతి మీద అంతా తిరగేసి గీయాలె. అప్పుడే కాగితం మీద సక్కగ పడ్తది. అక్షరాలు తిరగేసిన, బొమ్మ మర్చిపోయిన. ఇగో, నీళ్ల చెంబు ఎడమ చేతిలకొచ్చింది."

ఇల్లు కాలుతుంటే ఇతనికి చెంబు గొడవ! ఆడవాళ్లు నవ్వు కనపడకుండా నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

ఈశ్వరయ్య మాత్రం వంగి చూశాడు. ఇంతసేపూ ఆయన మీసం దగ్గరే ఆగిపోయాడు, చెయ్యి దాకా రానే లేదు. ఇప్పుడు చూశాడు. మొహం కందగడ్డ అయింది.

"ఎడమ చెయ్యా? పాలకాడ ఎడమ చెయ్యా? లచ్చిమి రా అది, లచ్చిమి!" కర్రతో నేల మీద ఠప్పున కొట్టి గుమ్మం వైపు తిరిగాడు. "తల్లీ, మీరే చెప్పుండ్రి, గింత అన్యాలమా? మా తాత గట్లనే, మా బాపు గట్లనే, నేను గట్లనే! మూడు తరాల సంది మా ఇంట్ల పాలల్ల నీళ్లు కుడిచేత్తోనే పోస్తున్నం!"