చిన్న పానా

ముసురులో గుర్వయ్య లారీ ఆగిపోయింది.

ఆగిపోవడం దానికి కొత్తేం కాదు. యుద్ధంలో మిలిటరీ వాడి పారేసిన బండి. కాడెడ్లనమ్మి కొన్నాడు. పొగ కక్కుతుంది, నూనె కారుస్తుంది, ఎక్కడంటే అక్కడ అలుగుతుంది. అందుకే దాన్ని "ముసలమ్మా" అని పిలుచుకుంటాడు.

ఈ రోజు మాత్రం ఆగినందుకు దానికి దండం పెట్టబుద్ధయింది.

వెనక తుపాకులతో రజాకార్లున్నారు. బండిని, గుర్వయ్యను బలవంతాన పట్టుకొచ్చారు. ఎదుట కనిపించే గుట్ట అవతల గట్టుగూడెం. లెవీ ధాన్యం ఇచ్చేది లేదని తిరగబడ్డ ఊరు. దాన్ని తగలబెట్టడానికే పోతున్నారు.

ఆ ఊళ్లోనే గుర్వయ్య చెల్లె పుల్లమ్మ కాపురం.

నడిచి పోవడానికి వాళ్లకు గుండె చాలదు. దారిపొడుగునా సంఘపోళ్ల వడిసెలలున్నాయి.

"ఏడి మెకానిక్?" అరిచాడు సర్దారు.

ఖాకీ చొక్కా బక్కమనిషి ఒకడు దిగాడు. ఇంజనుకు ఒక కట్టె ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, హ్యాండిల్ తిప్పించి కళ్లు మూసుకుని విన్నాడు.

"ఇంజన్‌కు రోగమేం లేదు. పెట్రోల్ల చెత్త పడ్డది, గంతే."

గొట్టం విప్పి ఊదాడు. ముసలమ్మ దగ్గి, లేచింది.

గుర్వయ్య ప్రాణం ఉసూరుమంది. మెకానిక్ చెవి దగ్గర వంగాడు. "భాయ్, నీ కాళ్లు మొక్కుత. జర ఖరాబు చెయ్యి. గా ఊర్ల నా చెల్లెలున్నది."

మెకానిక్ ఓ క్షణం అతని మొహంలోకి చూశాడు.

"చల్! నోర్మూస్కో!" అని సర్దారుకు వినబడేలా కసిరాడు. "గేర్ గూడ మోగుతాంది సాబ్. డబ్బా ఇప్పి చూడాలె."

ఇంకా బాగు చేస్తాడట! నీ చేతులు పడిపోను, అని తిట్టుకున్నాడు గుర్వయ్య.

మెకానిక్ లోపల దూరి గేర్ డబ్బా మూత విప్పాడు. చాలాసేపు ఏదో చేసి, బిగించి, సామాన్లు సర్దుకుంటూ చటుక్కున ఆగాడు.

"నా చిన్న పానా ఏది? బోల్టులిప్పేది?"

గబుక్కున గుర్వయ్య కాలరు పట్టుకున్నాడు. "నువ్వే తీసినవ్, చోర్!"

మొలలో చెయ్యిపెట్టి వెతికాడు. రజాకార్లు పడీపడీ నవ్వారు. గుర్వయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. పుట్టి బుద్ధెరిగాక అతన్ని దొంగ అన్నవాడు లేడు.

"దొరికిన్నాడు తెచ్చియ్యాలె. యాద్ పెట్టుకో," అన్నాడు మెకానిక్.

బండి స్టార్టయింది. ఒకటో గేరు పడలేదు. రెండోదీ, మూడోదీ అంతే.

"డబ్బా పోయింది సాబ్," తల గోక్కున్నాడు మెకానిక్. "ఎన్కకు ఒక్కటే పడ్తాంది."

సర్దారు అతని చెంప పగలగొట్టాడు. బాగా అయింది, అనుకున్నాడు గుర్వయ్య.

లారీ వెనక్కి కదిలింది.

మెకానిక్ మెట్టు మీద నిలబడి, వాచిన చెంపతో దారి చెబుతున్నాడు. "రానియ్... రానియ్..."

ముందు అద్దంలోంచి గట్టుగూడెం గుట్ట మెల్లమెల్లగా దూరమవుతోంది. జొన్నచేలు, తంగేడు పొదలు ఒక్కొక్కటే పక్కనుంచి ముందుకొచ్చి, తెల్లటి తుంపరలో కలిసిపోతున్నాయి. నిద్రలో బండి నడుపుతున్నట్టుంది గుర్వయ్యకు. రాకూడని దారిని ఎవరో తిరిగి చాపలా చుట్టేస్తున్నట్టుంది. ఎక్కడో పుల్లమ్మ పొయ్యి రాజేస్తూ ఉంటుంది.

"ముసలమ్మా, నువ్వే కాపాడినవే తల్లీ," అని స్టీరింగును కళ్లకద్దుకున్నాడు.

"రానియ్... రానియ్..."

మళ్లీ ఆ ఊరి మీదికి పోయే తీరిక రజాకార్లకు దొరకలేదు. రెండ్రోజులకే యూనియన్ సైన్యం వచ్చింది. రజాకార్లు విప్పేసిన ఖాకీ చొక్కాలు బావుల్లో పడ్డాయి.

పుల్లమ్మ వచ్చి లారీకి పసుపుకుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. అమ్మవారై ఆగిన బండిని విప్పడానికి గుర్వయ్యకు చేతులాడలేదు. గేర్ డబ్బా అట్లాగే ఉంచేశాడు.

ఒకనాడు సిపాయిలు కొందరిని పట్టి తెచ్చి వరుసగా నిలబెట్టారు.

"వీళ్లలో ఆ రోజు నీ లారీలో ఉన్నదెవరు?"

గుర్వయ్య వేలు తిన్నగా బక్కమనిషి మీదికి పోయింది. "గీడే సాబ్! బండి బాగు చేస్తనని ముందుకు దుంకిండు. పైకెల్లి నన్ను దొంగన్నడు."

"నువ్వేమన్నా చెప్పుకుంటావా?" అని మెకానిక్‌ను అడిగారు.

మెకానిక్ గుర్వయ్య వైపే చూస్తున్నాడు.

"నా పానా దొరికిందా, అన్నా?"

"నీ పానా నాకెందుకురా!"

సిపాయిలు మెకానిక్‌ను బండెక్కించారు. ఆ బండి ఎటు పోయిందో ఊళ్లో ఎవరికీ తెలియదు.

దసరాకు పుల్లమ్మను లారీలో తీసుకురావాలని గుర్వయ్య ముసలమ్మకు దండం పెట్టి గేర్ డబ్బా మూత విప్పాడు.

లోపల రెండు కడ్డీల నడుమ, చప్పుడు కాకుండా ఖాకీ పేలిక చుట్టి, ముందు గేర్లేవీ పడకుండా అడ్డంగా ఇరికించి ఉంది చిన్న పానా.