రెండు తలుపుల కారు

ఆ పెద్దమనిషి కారు వెనక సీటులోకి తొంగిచూసి పకపకా నవ్వాడు.

"ఇందులో కూర్చుంటే కాళ్ళెక్కడ పెట్టుకోవాలయ్యా, నెత్తిమీదా?"

భార్యాపిల్లలు కూడా నవ్వారు. నవ్వుకుంటూనే షోరూము దాటి వెళ్ళిపోయారు.

ఎర్రగా, బుల్లిగా, రెండే తలుపులున్న ఆ స్పోర్ట్స్ కారు పక్కన సేల్స్‌మన్ ఒక్కడే మిగిలాడు.

ఈ ఉద్యోగం కోసమే అతను ఊరు మారాడు. ఇక్కడ పలకరించే దిక్కు లేదు. అద్దె గదిలో చప్పుడు చేసేది ఫ్యాను ఒక్కటే.

"వచ్చే నెలాఖరుకల్లా ఈ కారు కదలాలి. లేదంటే నువ్వు కదలాలి," అన్నాడు మేనేజరు తాపీగా. అని, ప్రతి మంగళవారంలాగే మధ్యాహ్నం హెడ్డాఫీసుకి వెళ్ళిపోయాడు.

ఆయన అటు వెళ్ళాడో లేదో, ఇటు ఒకాయన లోపలికి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా, మాసిపోని పాత చొక్కాలో ఉన్నాడు.

"ధరెంత?"

సేల్స్‌మన్ చెప్పాడు.

"అదే ధరకి అయిదుగురు పట్టే కారొస్తుంది కదా. మా ఆవిడ ఊరుకుంటుందా?"

సేల్స్‌మన్ ఆ మాట దాటేశాడు. "బరువు చాలా తక్కువండీ," అని బరువు ఎంతో అప్పజెప్పాడు.

"మా అత్తగారు వింటే, గాలికి ఎగిరిపోతుందేమో అల్లుడూ అంటారు. ఏం చెప్పమంటారు?"

సేల్స్‌మన్ గుడ్డ తీసి కారు అద్దం తుడవసాగాడు.

"పోనీ, ఓసారి తిప్పుకొద్దామా? నడిపేది మాత్రం మీరే."

"కొనేవాళ్ళే నడపాలి సార్."

"మీకే నచ్చకపోతే నాకెలా నచ్చుతుంది చెప్పండి?"

ఊరి చివర మలుపుల రోడ్డు మీద సేల్స్‌మన్ మొదటిసారి ఆ కారు నడిపాడు. అన్నాళ్ళూ అతను తుడిచాడు, పొగిడాడు, అంతే. మూడో మలుపు దాటేసరికి తెలియకుండానే నవ్వుతున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాడు పక్కనున్నాయన.

"తిప్పుదామనుకునేలోపే తిరిగిపోతోందండీ. లాగాల్సిన బరువు లేదు కదా. ఎగరడం కాదు, నేలని కరుచుకుని పోతోంది."

"ఆ మాటేదో మా అత్తగారికి చెప్పండి మరి."

మరుసటి మంగళవారం ఆయనే మళ్ళీ వచ్చాడు, ఈసారి తన బావమరిదికొచ్చిన సందేహంతో. ఆ పై వారం తల్లి సందేహంతో. అంత కిందికి కూర్చుంటే లేచేటప్పుడు నడుం పట్టేయదా అని. ఆయన బంధువర్గానికి అంతే లేదు.

సేల్స్‌మన్ రాత్రి గదిలో అద్దం ముందు జవాబులు చెప్పుకునేవాడు. మంగళవారం వాటిని ఆయనకి వినిపించేవాడు. ఆయన ఒక్కోసారి పెదవి విరిచేవాడు, ఒక్కోసారి "భేష్" అనేవాడు. ఆ ఊళ్ళో అతనికి ఎదురుచూడటానికి ఉన్నది ఆ మంగళవారమే. అయినా ఆయన పేరేమిటో అడగాలని ఎప్పుడూ తోచలేదు.

నెలాఖరు దగ్గరపడింది. కారు కదల్లేదు.

ఆ మంగళవారం ఆయన ఇంకా నోరు విప్పకముందే సేల్స్‌మన్ విసుక్కున్నాడు.

"సార్, ఇంతకీ మీరు కొంటారా, కొనరా?"

ఆయన కారు మీంచి చెయ్యి తీసేశాడు.

"కొననివాళ్ళకోసం పెట్రోలు తగలెయ్యలేనండీ. నా ఉద్యోగం మీదికొచ్చింది."

"నిజమే," అన్నాడాయన. మొహం చిన్నబోయింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"వెనక సీటు ఇరుకని వాళ్ళు అనకముందే మీరే అనేయండి బాబూ. వాళ్ళు నవ్వేలోపు మీరే నవ్వేయండి."

ఇంత జరిగినా ఉచిత సలహాలకేం తక్కువ లేదనుకుని సేల్స్‌మన్ వెనుదిరిగాడు.

నాలుగు రోజులకి ఒక జంట వచ్చింది, వెంట అత్తగారు కూడా.

"వెనక సీట్లో మనుషులు పట్టరండీ, మీ బ్యాగు మహారాజులా కూర్చుంటుంది," అన్నాడు సేల్స్‌మన్ ముందే.

ముగ్గురూ నవ్వారు. ఈసారి ఎవరూ బయటికి వెళ్ళలేదు.

"ఇదే ధరకి పెద్ద కారొస్తుంది కదా?" అంది భార్య.

"వస్తుందమ్మా. అందులో అందరూ కలిసి ఎక్కేది ఎప్పుడో ఒకసారి. మిగతా రోజులన్నీ ఖాళీ సీట్లని ఊరేగించడమే."

గాలికి ఎగిరిపోదా అని అత్తగారు అడగనే అడిగింది. నడుం సంగతీ వచ్చింది. దేనికీ అతను తడుముకోలేదు.

సాయంత్రానికి కారు అమ్ముడుపోయింది. మేనేజరు భుజం తట్టాడు.

మంగళవారం సేల్స్‌మన్ రెండు కప్పుల కాఫీ తెప్పించి కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. రెండో కప్పు చల్లారిపోయింది. ఆయనని అన్న మాట గుర్తొచ్చి మనసు కలుక్కుమంది.

మర్నాడు ఉండబట్టలేక మేనేజరుకి అంతా చెప్పేశాడు. పొడుగ్గా, సన్నగా ఉంటారు, భార్యకీ అత్తగారికీ తెగ భయపడతారు, స్టీరింగు మాత్రం ముట్టుకోరు అని.

మేనేజరు కళ్ళజోడు తీశాడు.

"ఆయనకి పెళ్ళే కాలేదయ్యా. అత్తగారెక్కడిది? డ్రైవింగ్ కూడా రాదు."

"మీకు తెలుసా సార్?"

"తెలియకేం. మొన్న బస్టాండులో కనిపించాడు, పెట్టె పట్టుకుని. ఎక్కడో దూరాన పని దొరికిందట."

"ఎవరు సార్ ఆయన?"

"నీకు ముందు నీ కుర్చీలో కూర్చున్నాయనే. వచ్చినవాళ్ళంతా అవే ప్రశ్నలు అడిగేవాళ్ళు, ఒక్కదానికీ జవాబు చెప్పలేక ఉద్యోగం పోగొట్టుకున్నాడు."