వంకలు పెట్టే పెద్దమ్మ

“తీసుకుపో నాయనా. ఆకలి లేదు.”

వంటాయనకి ఆ మాట కొత్తేమీ కాదు. ఇన్నాళ్లూ నర్సు మోసుకొచ్చి చెబితే విన్నాడు. ఈరోజు తనే ట్రే పట్టుకుని వార్డుకి వచ్చి చెవులారా విన్నాడు. కిటికీ పక్క మంచం మీద పెద్దమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. జ్వరం తగ్గిపోయింది, పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. మనిషి మాత్రం మంచినీళ్లతోనే రోజులు నెట్టుకొస్తోంది.

“ఆకలి రుచెరగదంటారు. ఈవిడకి ఆ ఆకలే లేదు,” అంది నర్సు, వరండాలోకి రాగానే గొంతు తగ్గించి. “ఒకప్పుడు హాస్టల్లో వందలమంది పిల్లలకి వండిపెట్టిందట. ఇప్పుడు ఎవరికోసం తినాలి అంటోంది. ఇంకొక్క రోజు చూసి ముక్కులోంచి గొట్టం వేస్తామన్నారు డాక్టరుగారు.”

వంటాయన మనసు చివుక్కుమంది. ఆయన బాధ ఆయనకీ ఉంది మరి. ఈ ఆస్పత్రి వంటగదిలో చేరిన నాటి నుంచి వార్డుల్లోంచి ప్లేట్లు సగం నిండుగానే తిరిగొస్తున్నాయి. రోగులు మర్యాదస్తులు. బాగోలేదని పైకి అనరు, ప్లేటు పక్కకి జరిపి దుప్పటి కప్పుకుంటారంతే. ఈ పని తనవల్ల కాదని, మానేస్తానని భార్యతో చెప్పేశాడు కూడా.

హాస్టల్ మాట చెవిన పడగానే వెనక్కి వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“పెద్దమ్మా, తినొద్దులెండి. ఒక్క చెంచా నోట్లో వేసుకుని తప్పెక్కడుందో చెప్పండి చాలు. నా వంట ఎవరూ తినడం లేదు. నన్ను కూర్చోబెట్టి తిట్టే దిక్కు కూడా లేదు.”

పెద్దమ్మ ఇటు తిరిగింది. ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా లేచి కూర్చుని సూపు ఒక చెంచా మింగింది. పక్క మంచాల దగ్గర మిగిలిపోయిన గిన్నెలకేసి చూసింది.

“ఉల్లిపాయ ఎంతసేపు వేయించావు?”

“మెత్తబడగానే నీళ్లు పోసేశాను.”

“అదీ సంగతి. రైలు వెళ్లిపోతున్నట్టు అంత తొందరేమిటయ్యా? రంగు తిరిగేదాకా ఆగు.”

మర్నాడు ఆగాడు. ప్లేట్లు కాస్త తేలికై తిరిగొచ్చాయి. ఆయనకి సంతోషంతో పాటు కొత్త బెంగ కూడా పట్టుకుంది. వంట కుదిరిందంటే పెద్దమ్మకి వంక పెట్టడానికి ఏముంటుంది? వంక లేకపోతే చెంచా ఎందుకు ముడుతుంది? అందుకే అందరికీ ఉప్పు వేసి, ఆమె గిన్నెలో మాత్రం మానేశాడు.

ఆమె నాలుగు చెంచాలు తాగి పెదవి విరిచింది. “ఈ క్యారెట్ ముక్కలు చూడు. ఒకటి ఏనుగు, ఒకటి ఎలుక. ఎలుక చితికిపోయేసరికి కూడా ఏనుగు ఉడకదు.”

ఉప్పు ఊసే లేదు! వంటాయన మనసులోనే దండం పెట్టుకున్నాడు. ఉప్పు తక్కువైందని దారిన పోయే దానయ్యయినా చెబుతాడు, ఈవిడ అసలు లోపం దగ్గరికే వెళ్లిందనుకున్నాడు.

అప్పటి నుంచి ఆయనకి పొద్దున లేవగానే ఒకటే ఆలోచన, ఈరోజు ఏం పాడుచేయాలా అని. ఒకరోజు ఆమె బంగాళాదుంప కూరలో చక్కెర కలిపాడు. “మూత పెట్టకుండా ఉడికించావు కదూ?” అందామె. నిజమే, పెట్టలేదు! నోరు విప్పే ముందు ఆమె వార్డంతా ఒకసారి కలయజూసేది. ఎవరేం తిన్నారో, ఎవరేం వదిలేశారో గమనించేది. గిన్నె ఖాళీ చేసి, “సగం తిని తీర్పు చెప్పకూడదయ్యా, పాపం,” అనేది.

ఆమె బుగ్గలకి రంగు వచ్చింది. గొట్టం మాట డాక్టరుగారు మరిచేపోయారు. మధ్యాహ్నం అయ్యేసరికి తల దువ్వుకుని కూర్చుని, “మా శిష్యుడు ఇంకా రాలేదేం?” అని నర్సు ప్రాణం తీసేది. మిగతా మంచాలవాళ్లు మారు వడ్డించమని అడుగుతున్నారు.

“పని మానేస్తానన్నారుగా?” అని భార్య ఆటపట్టించింది.

“ఒక మనిషి నా తప్పుల కోసం ఎదురుచూస్తోంది. ఎలా మానేస్తాను?” అన్నాడు వంటాయన.

ఆమె ఇంటికి వెళ్లే రోజు రానే వచ్చింది. బట్టలు సంచిలో సర్దుకుంటుంటే ఆయన చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

“వంటగదిలో కుర్చీ వేయిస్తాను పెద్దమ్మా. రోజూ వస్తూ ఉండండి.”

“రాకేం చేస్తాను? నీకింకా గుడ్డు ఉడకబెట్టడమే సరిగ్గా రాదు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన మాత్రం మధ్యలోనే ఆపేశాడు.

“నన్ను క్షమించండి. మీరు తినాలని నాటకమాడాను. మీ గిన్నెలో ఉప్పు మానేశాను, కూరలో చక్కెర కలిపాను. అవన్నీ కనిపెట్టి కూడా మీరు పెద్దమనసుతో ఊరుకున్నారు.”

“ఉప్పు లేదా?” పెద్దమ్మ నోరు తెరిచింది. “కూరలో చక్కెరా?”

మరుక్షణం ఆమె పడీపడీ నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని ఆయన చెయ్యి పట్టుకుంది.

“అయితే ఇద్దరం దొంగలమే. ఆ రోజు నీ మొహం చూస్తే, వీడు గరిటె పారేసి వెళ్లిపోతాడేమోనని భయమేసింది. ఎవరితోనూ అనకు, వంటమనిషి పరువు పోతుంది.”

“ఏమిటి పెద్దమ్మా?”

నర్సు వినకుండా ఆమె ఆయన చెవి దగ్గరికి వంగింది.

“ఆ జ్వరంలోనే నాకు రుచి పోయింది నాయనా.”