మెత్తదనానికి పరీక్ష

"నువ్వు ముట్టుకోకు. ఫ్రిజ్ దగ్గర నుంచి ఇవతలికి రా," అన్నారు డాక్టర్ అభయ్.

బ్లెస్సీ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. అమలాపురంలోని ఆ కాలేజీ మొత్తానికి పరిశోధన అనదగ్గ పని చేస్తున్నది ఆ అమ్మాయి ఒక్కతే. ఆమె ఫెలోషిప్పు ఇంకా సాగాలా, ఈ నెలతో ఆగిపోవాలా అన్నది తేల్చడానికి హైదరాబాదు నుంచి దిగబడ్డ పెద్దమనిషి ఆయన. సొంత ఊరు పక్కనే, మామిడికుదురు. కన్నవాళ్ళు పెట్టిన పేరు తాతబ్బాయి. గోదావరి దాటగానే ఆ పేరు నామోషీ అయిపోయి అభయ్ అయ్యారు. పాత పేరుతో ఎవరు పిలుస్తారోనని కాబోలు, పొద్దుటి నుంచి మొహం గంటు పెట్టుకునే ఉన్నారు.

వచ్చిన దగ్గర నుంచీ ఆయనకు ఏదీ నచ్చలేదు. కాఫీలో పంచదార ఉందని వెనక్కి పంపించారు. తనకు షుగరుందన్న సంగతి జిల్లా అంతటికీ ముందే తెలిసి ఉండాలన్నట్టు మాట్లాడారు. ప్రిన్సిపాల్ ధర్మరాజుగారు కంగారుపడి ఇంటికి ఫోను చేసి ఏదో పురమాయించి వచ్చారు. మాట మాటకీ ఈ అండీ అండీ వింటుంటే తలనొప్పిగా ఉందన్నారు డాక్టరుగారు. దానికీ ధర్మరాజుగారు "ఆయ్" అన్నారు. బ్లెస్సీ తయారుచేసిన జెల్ పెట్టిన ఫ్రిజ్‌లోనే లెక్చరర్ల మజ్జిగ సీసాలు కనిపించేసరికి ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. కాలేజీ అంతటికీ అదొక్కటే ఫ్రిజ్ అని, అదేదో తన తప్పే అయినట్టు చెప్పుకున్నారు ప్రిన్సిపాల్.

బ్లెస్సీ చేస్తున్న పని చెప్పడానికి తేలికే. నరాల కణాలు గట్టి అడుగు మీద ముడుచుకుపోతాయి. మెదడంత మెత్తగా ఉన్న జెల్ మీద వేస్తే నిదానంగా చేతులు చాపి ఒకదాన్నొకటి అందుకుంటాయి. మరీ మెత్తనైతే నిలవలేవు. ఆ మెత్తదనం సరిగ్గా కుదిరేలా, పాల నుంచి తీసిన ప్రొటీన్‌తో జెల్ చేసి, విశాఖపట్నంలో కణాలు పెంచేవాళ్ళకు పంపుతోంది. అక్కడ కణాలు బతుకుతున్నాయి కూడా. అయినా డాక్టరుగారికి నమ్మకం లేదు. ఇలాంటి ఊళ్ళో, ఇలాంటి పిల్ల వల్ల అయ్యే పని కాదిది అని ఆయన హైదరాబాదులో బయల్దేరక ముందే తీర్పు చెప్పేసుకున్నారు.

భోజనాలయ్యాక ఆయన అందర్నీ వరండాలోకి పొమ్మన్నారు. బ్లెస్సీ దగ్గరుంటే నమూనా మార్చేస్తుందట. ప్రిన్సిపాల్ ఉంటే సిఫార్సు చేస్తారట. అటెండరు మరిడమ్మను ఒక్కదాన్నే ఆపి, ఫ్రిజ్‌లో తెల్లగా గడ్డకట్టినది తెచ్చి బల్ల మీద పెట్టి పొమ్మన్నారు. పై అరలోదా, కింది అరలోదా అని ఆవిడ అడగబోతే, ఎదురు ప్రశ్నలు వెయ్యొద్దని కసిరారు. ఆవిడ చేతికందింది పెట్టి వచ్చేసింది.

"గిన్నెలో చేస్తారా జెల్? మూత డిష్షులు కూడా దొరకవా ఈ ఊళ్ళో?" అన్న వెటకారం లోపలి నుంచి వినిపించింది. బ్లెస్సీ ఏదో చెప్పబోయింది. పెద్దవారితో వాదనెందుకన్నట్టు ధర్మరాజుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

తరవాత చాలాసేపు చప్పుడు లేదు. సూది మీద ఏ బరువు పెడితే ఎంత దిగుతుందో చూడడానికి డాక్టరుగారు తన సొంత యంత్రం తెచ్చుకున్నారు. ఈ ఊరి యంత్రాలు ఆయనకు పనికిరావు మరి.

తలుపు తెరుచుకునేసరికి ఆయన మొహం కందగడ్డలా ఉంది. చేతిలో సెల్‌ఫోను ఉంది.

"ఇంత సరిగ్గా కుదిరిన జెల్ నా జన్మలో ఒక్కటే చూశాను. అది నేను చేసింది," అన్నారు. "నొక్కితే అదే దిగుడు, వదిలితే అదే లేవడం. నా ఫార్ములా ఎవరి చేత కొట్టేయించావు?"

బ్లెస్సీకి ఏడుపొచ్చింది. కోపం అంతకన్నా ఎక్కువ వచ్చింది. రాజమండ్రి దాటి తను చదువుకు వెళ్ళలేదనీ, ఆయన ల్యాబు గుమ్మమే ఎరగననీ చెప్పింది. ఆయన వినలేదు. వినే అలవాటున్న చెవులు కావవి. పోగైన లెక్చరర్లందరి ఎదుటా హైదరాబాదులో పై అధికారికి ఫోను కలిపారు. ఇక్కడ దొరికింది తన ఆరేళ్ళ కష్టమేననీ, లోకంలో ఈ జెల్ తను తప్ప ఇంకొకరు చెయ్యలేరనీ, కావాలంటే ఉద్యోగం పందెం కాస్తాననీ అన్నారు. ఈ పిల్ల ఫెలోషిప్పు ఈ రోజే ఆపేయమన్నారు.

"తమరు దేన్ని చూసేరో నాకూ ఒకసారి చూపించండి," అంది బ్లెస్సీ.

"చూసుకో. నీ దొంగతనం నువ్వే చూసుకో."

ఆ అమ్మాయి బల్ల దగ్గరకు వెళ్ళి గిన్నెలోకి చూసింది. నిండా సూది పోట్లు. ఫ్రిజ్ తెరిచి, కింది అరలోంచి తన పేరు అంటించిన మూత డిష్షులు తీసి ఒక్కొక్కటే బల్ల మీద పేర్చింది. వాటి టేపు ఇంకా ఎవరూ విప్పనే లేదు.

"నా జెల్ ఇదండి," అంది.

"మరి నేను కొలిచింది?" అన్నారు డాక్టరుగారు. చెవి దగ్గర ఫోను ఇంకా అలాగే ఉంది. అవతల పై అధికారి వింటూనే ఉన్నారు.

ధర్మరాజుగారు చేతులు నలుపుకుంటూ నాలుగడుగులు ముందుకొచ్చారు.

"ఆయ్, తమరికి షుగరు కదాని బెల్లం వెయ్యకుండా వండించేనండి తాతబ్బాయిగారూ, అది జున్ను. మా గేదె మొన్నే ఈనిందండి."