స్పందన తరఫువాళ్లు

కెనడాలోని సస్కటూన్‌లో ఆరుబయట, పచ్చికలో కుర్చీలేసి కాన్వొకేషన్ పెట్టారు. వానొస్తే ఇక అంతే సంగతులు.

నల్లగౌను వేసుకుని వరసలో నిలబడ్డ స్పందనకు వాన గొడవ పట్టలేదు. ఆమె దిగులు ఒక్కటే. ఇక్కడ పేరు పిలవగానే ఎవరివాళ్లు వాళ్లకోసం కేకలేస్తారు. అమ్మానాన్నల విజిటర్ వీసా రిజెక్టయింది. తన పేరుకు ఎవరూ నోరెత్తకపోతే? తెనాలిలో లైవ్ చూస్తున్న అమ్మ ఏమైపోతుంది?

“నేను చచ్చాననుకున్నావా?” అంది రూమ్మేటు. రూములు దొరక్క పిల్లలు బేస్‌మెంట్లలో నలుగురేసి సర్దుకుంటున్న రోజుల్లో దేవుడిచ్చిన రూమ్మేటు. కాల్గరీలోని తనవాళ్లందరికీ ఫోన్లు కొట్టింది. తొమ్మిదిమంది ఆరుగంటలు వ్యాన్ నడుపుకుంటూ దిగారు!

అబ్బ, ఏం మనుషులు! రూమ్మేటు పెదనాన్న రాగానే మీకు ఆవులెన్ని అని అడిగాడు. తాతలనాడు ఉండేవి, ఇప్పుడు లేవంటే తెగ జాలిపడ్డాడు. స్పందన కాళ్లకు దండం పెట్టబోతే నెత్తిన చెయ్యిపెట్టి, దిష్టి తీసినట్టు తుప్ తుప్‌మని ఉమ్మి దీవించాడు. తెనాలిలో తన బామ్మ కూడా అచ్చం అంతే చేసేది. స్పందనకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

అమ్మ కొరియర్లో పంపిన అక్షింతలు తలా గుప్పెడు పంచింది. ఎప్పుడు వెయ్యాలో ఒకటికి రెండుసార్లు చెప్పింది. రూమ్మేటు పెద్దమ్మ ఆగితేనా! ఊరేగింపులో ముందు నడిచొస్తున్న డీన్‌గారి బట్టతల మీద జల్లేసింది. ఆయన చినుకులేమోనని పైకి చూశాడు.

“ఇప్పుడే కాదు ఆంటీ!” వెనకనుంచి స్పందన గొంతు తగ్గించి అరిచింది.

“పోనీలే పాపం, ఆయనకు మాత్రం దీవెన వద్దా?” అందావిడ.

స్పందన పేరు పిలిచారు. అంతే! వరస వరసంతా లేచింది. ఆడవాళ్లు ఒకటే కూతలు. డెబ్బయ్యేళ్ల పెదనాన్న నిలుచున్నచోటే మూరెడెత్తు ఎగిరాడు. వాళ్లను దాటి వెళ్తున్న స్పందన తలనిండా అక్షింతలే. పక్కవాళ్లు కూడా ఎవరీ పిల్ల అనుకుంటూ చప్పట్లు కొట్టారు. స్పందన పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ డిగ్రీ అందుకుంది.

స్టేజి దిగిందో లేదో, అమ్మ వీడియో కాల్.

“లైవ్‌లో స్టేజీ ఒక్కటే కనబడిందే. ఆ కేకలు వింటే కడుపు నిండిపోయింది! ఎవరే వాళ్లు? మన జిల్లావాళ్లేనా? నాన్న పలకరిస్తారట.”

“జిల్లా కాదు, మన ఖండమే కాదమ్మా, ఆవులే ఆస్తిగా బతికే కెన్యా మాసాయి తెగవాళ్లు!” అంటూ స్పందన ఫోను అటు తిప్పితే, భుజాన ఎర్రదుప్పట్లు, మెడనిండా పూసలతో ఆ తొమ్మిదిమందీ తెనాలికేసి చేతులూపారు.